ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్ర ఫార్వర్డ్‌ను అంచనా వేయడం ఎలా?

జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు కుర్ర ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం, దగ్గరపడేకొద్దీ ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. “అన్ని పాయింట్లు కొట్టినవాడిని మూడో రౌండు దాకా ఎందుకు వదిలేశారు?”, “మా ఊరి జట్టులో ఒక కుర్రాడు ఇరగదీస్తున్నాడు, మొదటి రౌండులో పోతాడా?” విడివిడిగా జవాబులు రాసే బదులు, మొత్తం పద్ధతి ఒకచోట పెడుతున్నాను.

ఆట నియమాలు తెలుసనుకుని రాస్తున్నాను. డిఫెన్స్‌మన్, గోలీలను చూసే తీరు వేరు కాబట్టి ఇక్కడ ఫార్వర్డ్ (మధ్యలో ఆడే సెంటర్, పక్కల ఆడే వింగర్) ఒక్కడే.

మొదటి నుంచి చివరి దాకా మనసులో ఉంచుకోవలసిన ప్రశ్న ఇదొక్కటే: ఈ కుర్రాడు ఇప్పుడు గోల్స్ చేస్తున్న తీరు, తనకంటే బలంగా, వేగంగా ఉండే పెద్దవాళ్ల మధ్య కూడా చెల్లుతుందా?

1. ముందు పుట్టిన తేదీ చూడండి

డ్రాఫ్ట్ జరిగే ఏడాది సెప్టెంబరు 15 నాటికి 18 నిండేవాళ్లు అర్హులు. 2026 డ్రాఫ్ట్‌నే తీసుకుంటే, 2007 సెప్టెంబరు 16 నుంచి 2008 సెప్టెంబరు 15 వరకు పుట్టినవాళ్లకు అది మొదటి అవకాశం. ఒకే పట్టికలో ఉన్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చన్నమాట. ఈ వయసులో ఏడాదంటే ఎముక బలం మారిపోతుంది, స్కేటింగ్ మారిపోతుంది.

కెనడా జూనియర్ లీగ్‌లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2007 అక్టోబరులో పుట్టినవాడికి 2025-26 మూడో సీజన్ కావచ్చు. 2008 ఆగస్టులో పుట్టినవాడికి అది రెండోది. ఇద్దరూ 70 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) కొడితే నేను రెండోవాడి వైపే మొగ్గుతాను.

ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబరు 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది. మధ్యలో ఏడాది స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ జట్టుకు పెద్దవాళ్లతో ఆడి, 2016లో మొదటి పిక్‌గా (అందరికంటే ముందు ఎంపికై) టొరంటోకు వెళ్లాడు.

ఒకసారి ఎవరూ ఎంచుకోక మళ్లీ వచ్చే 19, 20 ఏళ్లవాళ్లను వేరే పేజీలో రాసుకోండి. పదిహేడేళ్లవాళ్ల పక్కన పెడితే వాళ్ల అంకెలు కళ్లు చెదరగొడతాయి, అంతే.

2. తర్వాత లీగ్ చూడండి

ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూఎమ్‌జేహెచ్‌ఎల్, ఈ మూడూ కెనడా జూనియర్ లీగ్‌లు. 16 నుంచి 20 ఏళ్లవాళ్లు ఆడతారు. అమెరికాలో యూఎస్‌హెచ్‌ఎల్ ఉంది. అందులోనే ఆడే అమెరికా జాతీయ డెవలప్‌మెంట్ జట్టు మిషిగన్‌లోని ప్లిమత్‌లో ఉంటుంది. ఆ పైన అమెరికా కాలేజీ హాకీ. స్వీడన్, ఫిన్లాండ్, రష్యాలలో జూనియర్ లీగ్‌లూ ఉన్నాయి, పెద్దవాళ్ల లీగ్‌లూ ఉన్నాయి. తడబాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

పెద్దవాళ్ల లీగ్‌లో పదిహేడేళ్ల కుర్రాడికి నాలుగో లైన్‌లో (లైన్ అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఏ కొద్ది నిమిషాలో దొరుకుతాయి, పాయింట్లు రావు. లూకస్ రేమండ్ 2019-20లో స్వీడన్ టాప్ లీగ్‌లో 33 మ్యాచ్‌లాడి 10 పాయింట్లే చేశాడు. అయినా 2020లో డెట్రాయిట్ అతన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది. ఇలాంటివాళ్ల విషయంలో ఐస్ మీద ఎన్ని నిమిషాలు ఉన్నాడో చూడకుండా పాయింట్ల జోలికి వెళ్లకండి.

ఇంకో మార్పు గుర్తుంచుకోండి. 2025 ఆగస్టు నుంచి కెనడా జూనియర్ ఆటగాళ్లకు అమెరికా కాలేజీ హాకీ తలుపులు తెరుచుకున్నాయి. గేవిన్ మెకెన్నా 2024-25లో డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు మెడిసిన్ హ్యాట్‌కు 56 మ్యాచ్‌లలో 129 పాయింట్లు చేసి, ఆ వెంటనే పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టుకు మారాడు. కాలేజీలో ఎదుటివాళ్లు చాలామంది ఇరవై దాటినవాళ్లే. లీగ్ మారిన ఏడాది అంకెలు తగ్గితే ఆటగాడు తగ్గాడని రాసేయకండి. ముందు అదే లీగ్‌లో అదే వయసువాళ్లతో పోల్చి, ఆ తర్వాతే బయటివాళ్లతో పోల్చండి.

3. మ్యాచ్‌కు వెళ్లే ముందు తయారీ

వీడియోలో చూసినా ఫర్వాలేదు కానీ, ఒక్కసారైనా అరీనాలో చూడాలి. కెమెరా పక్‌తోపాటు తిరుగుతుంది. మనకు కావలసిన కుర్రాడు సగం సేపు తెర బయటే ఉంటాడు. సియాటెల్ వైపు ఉన్న మనవాళ్లకు కెంట్‌లో, ఎవరెట్‌లో డబ్ల్యూహెచ్‌ఎల్ జట్లున్నాయి. నోవై, కాంటన్ వాళ్లకు ప్లిమత్ పక్కనే. టొరంటో చుట్టుపక్కలవాళ్లకు బ్రాంప్టన్‌లో ఓహెచ్‌ఎల్ జట్టుంది.

వెళ్లే ముందు సరిచూసుకోండి:

☐ ఆటగాడి నంబర్, పొజిషన్, ఏ చేత్తో షాట్ కొడతాడు
☐ పుట్టిన తేదీ, ఆ లీగ్‌లో ఎన్నో సీజన్
☐ అతని లైన్‌లో పక్కన ఆడేవాళ్లు ఎవరు, వాళ్ల వయసెంత
☐ ఎదుటి జట్టులో గట్టి డిఫెన్స్ జోడీ నంబర్లు
☐ గాయం నుంచి ఇప్పుడే తిరిగొచ్చాడా
☐ నోటు పుస్తకం, పెన్ను (ఫోన్‌లో టైప్ చేస్తూ కూర్చుంటే రెండు షిఫ్ట్‌లు, అంటే ఐస్ మీదికి దిగి ఆడే రెండు విడతలు, పోతాయి)

గ్లాస్ పక్కన సీటు కొనకండి. ఆట సరదాగా ఉంటుంది కానీ ఆటగాళ్లు నిలబడే వరస కనిపించదు. బ్లూ లైన్‌కు ఎదురుగా, కాస్త పైన కూర్చుంటే పదిమందీ కంటికి అందుతారు. వార్మప్ కూడా వదలొద్దు; షాట్ విడుదల, స్కేట్ అంచుల మీద పట్టు అక్కడ తీరిగ్గా చూడొచ్చు.

కనీసం మూడు మ్యాచ్‌లు చూడండి. అందులో ఒకటి తప్పకుండా బయటి ఊళ్లో ఆడేది కావాలి. ఆట ఆగిన ప్రతిసారీ ఆటగాళ్లను ఆఖరున మార్చే హక్కు సొంతగడ్డ కోచ్‌ది. కాబట్టి సొంతగడ్డ మీద కోచ్ తన కుర్రాడిని బలహీనమైన జోడీ మీదికి పంపగలడు. బయటి ఊళ్లో ఆ వెసులుబాటు ఉండదు, గట్టి జోడీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. వరసగా మూడు రోజులు మూడు మ్యాచ్‌లున్న వారాంతం దొరికితే మూడోది చూడండి. కాళ్లలో పస లేనప్పుడు ఎలా ఆడతాడో అక్కడ తెలుస్తుంది.

4. మొదటి పీరియడ్‌లో పక్‌ను చూడకండి

ఇది చెప్పినంత తేలిక కాదు. కళ్లు వాటంతట అవే పక్ వెంట పోతాయి. కానీ మ్యాచ్ మొత్తంలో ఒక ఫార్వర్డ్ దగ్గర పక్ ఉండేది చాలా కొద్దిసేపు. మిగతా సమయమంతా అతను ఎక్కడికి పోతున్నాడన్నదే మీ పని. బోర్డుల మీంచి దూకినప్పటి నుంచి బెంచికి తిరిగొచ్చేదాకా ఆ ఒక్కడినే చూడండి.

ప్రతి షిఫ్ట్‌కు ఒక్క వాక్యం రాయండి. “బాగా ఆడాడు” అని రాస్తే రెండు నెలల తర్వాత అది మీకే అర్థం కాదు. ఇలా రాయండి:

“రెండో పీరియడ్, 12:40. మన జోన్, ఎడమ బోర్డు. పక్ రాకముందే రెండుసార్లు వెనక్కి చూశాడు. డిఫెన్స్‌మన్ మీదికొస్తున్నాడు. ఒక్క టచ్‌లో మధ్యకు తోశాడు. సెంటర్ బయటపడ్డాడు. స్కోర్ షీట్‌లో ఏమీ లేదు.”

ఇలాంటి నోట్ ఒక్కటి దొరికితే ఆ రాత్రి టికెట్ డబ్బులు గిట్టినట్టే. బోర్డుల దగ్గర పక్ కాపాడి బయటికి పంపలేని కుర్ర వింగర్‌ను ఏ కోచ్ కూడా ఆఖరి అయిదు నిమిషాల్లో ఐస్ మీదికి పంపడు, ఎంత మంచి షాట్ ఉన్నా సరే.

5. స్కేటింగ్‌ను ముక్కలు చేసి చూడండి

“వేగంగా ఉన్నాడు”, “నెమ్మది” అని రాస్తే లాభం లేదు. నాలుగు ముక్కలు విడివిడిగా రాయండి.

మొదటి మూడు అడుగులు: నిలబడ్డ చోటునుంచి ఎంత త్వరగా కదులుతాడు. పై లీగ్‌లో ఖాళీ తక్కువ కాబట్టి, పూర్తి వేగం కంటే నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మోకాళ్ల వంపు: నిటారుగా నిలబడి స్కేట్ చేస్తే స్ట్రైడ్ పొట్టిగా ఉంటుంది, చిన్న తోపుకే పడిపోతాడు.

దిశ మార్పు: రెండు వైపులా ఒకేలా తిరగగలడా? చాలామంది కుర్రాళ్లు ఒక వైపే బాగా తిరుగుతారు, డిఫెన్స్‌మన్లు దాన్ని రెండో పీరియడ్‌కల్లా పసిగడతారు.

పక్‌తో కాళ్లు: పక్ అందగానే కాళ్లు ఆగిపోతున్నాయా, ఆడుతూనే ఉన్నాయా.

వీటిలో ఏది సరిదిద్దగలిగిందో, ఏది కష్టమో పక్కన రాయండి. మోకాళ్ల వంపు, స్ట్రైడ్ తీరు చాలావరకు నేర్పితే వస్తాయి. 2014లో బ్రేడెన్ పాయింట్ మూడో రౌండులో 79వ పిక్ దాకా ఎవరికీ పట్టలేదు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, స్కేటింగ్ మీద అనుమానాలు. టాంపా బే అతన్ని తీసుకుంది. 1984లో ఫిగర్ స్కేటింగ్ పెయిర్స్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన బార్బ్ అండర్‌హిల్ ఆ జట్టు కుర్రాళ్ల స్కేటింగ్‌ను చక్కదిద్దింది. తర్వాత బ్రేడెన్ పాయింట్ టాంపా గెలిచిన రెండు స్టాన్లీ కప్పుల్లో (ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్‌కిచ్చే కప్పు) ముందు నిలిచి గోల్స్ చేశాడు. అతని డ్రాఫ్ట్ ముందు సీజన్ చూస్తే, డబ్ల్యూహెచ్‌ఎల్‌లోని మూస్ జా జట్టుకు 72 మ్యాచ్‌లలో 91 పాయింట్లు. బుర్ర, చేతులు అప్పటికే ఉన్నాయి. కాళ్లు తర్వాత వచ్చాయి.

దీన్ని తిరగేసి నమ్మితే మాత్రం దెబ్బతింటారు. మంచి కాళ్లుండి ఆట చదవలేని కుర్రాడికి ఆ చదువు నేర్పడం చాలా కష్టం.

6. పక్ రాకముందు, వచ్చాక, పోయాక

రాకముందు: భుజం మీంచి వెనక్కి ఎన్నిసార్లు చూస్తాడో లెక్కపెట్టండి. ముందే చూసినవాడు బస్సెక్కకముందే చిల్లర చేతిలో పెట్టుకున్నవాడిలా ఉంటాడు. పక్ తగలగానే పని అయిపోతుంది. చూడనివాడు పక్ అందుకుని, ఆగి, తలెత్తి, అప్పుడు వెతుకుతాడు. జూనియర్‌లో ఆ అర సెకను దొరుకుతుంది, పైన దొరకదు. ఇంకొకటి, ఖాళీలోకి ఎప్పుడు వస్తాడో చూడండి. నెట్ ముందు స్లాట్‌లోకి తొందరగా వచ్చి నిలబడితే డిఫెన్స్‌మన్ అంటుకుంటాడు. ఒక క్షణం ఆలస్యంగా జారుకుంటూ వచ్చేవాడే ఎక్కువ గోల్స్ చేస్తాడు.

వచ్చాక: షాట్ ఎంత గట్టిదన్నది తర్వాత. విడుదల ఎంత త్వరగా ఉంది, కొట్టే ముందు పక్‌ను లోపలికో బయటికో లాగి కోణం మారుస్తున్నాడా అన్నది ముందు. పాసులయితే మూడు రకాలుగా గీతలు పెట్టుకోండి: వెనక్కి ఇచ్చిన సురక్షితమైనవి, పక్కకు ఇచ్చినవి, స్లాట్ మధ్యలోంచి అడ్డంగా వెళ్లినవి. మూడో రకం ఎన్ని ప్రయత్నించాడు, ఎన్ని చేరాయి రెండూ కావాలి. అసలు ప్రయత్నించనివాడి పాసుల శాతం అందంగానే ఉంటుంది.

డిఫెన్స్‌మన్‌ను ముందుపెట్టుకుని డాన్సులు వేసి దాటడం జనానికి నచ్చుతుంది. నేను చూసేది దాటిన తర్వాత ఏం చేశాడని. లోపలికి, నెట్ వైపు పోయాడా? మూల వైపు పోయాడా? బయటి దారిలోనే ఎప్పుడూ దాటేవాడి గోల్స్ పై లీగ్‌లో సగం ఎండిపోతాయి.

పోయాక: పక్ పోగొట్టుకున్న తర్వాత మొదటి రెండు సెకన్లు. వెంటనే తిరిగాడా, ఆకాశం వైపు చూశాడా. ఫోర్‌చెక్‌లో (ఎదుటి జోన్‌లో పక్ కోసం ఒత్తిడి పెట్టేటప్పుడు) కర్ర ఏ వైపు పెట్టాడో చూడండి, అది తెలివికి గుర్తు. సెంటర్ అయితే తన జోన్‌లో ఎంత లోతుకు వస్తాడో కూడా రాసుకోండి. ఫేస్‌ఆఫ్ శాతం గురించి ఈ వయసులో బెంగ అక్కర్లేదు.

7. అంకెలను విడదీయండి

కళ్లతో చూడటం అయ్యాకే అంకెలు తెరవండి. ముందే తెరిస్తే కళ్లు వాటికి వంత పాడతాయి.

ఒక కల్పిత లెక్క: ఇద్దరు ఫార్వర్డ్‌లు, ఒకే లీగ్, ఒకే వయసు, ఇద్దరికీ 60 మ్యాచ్‌లలో 70 పాయింట్లు. మొదటివాడివి పవర్ ప్లేలో (ఎదుటి జట్టు పెనాల్టీతో ఒక ఆటగాడు తగ్గినప్పుడు) 34, రెండోవాడివి 18. ఈవెన్ స్ట్రెంత్‌లో (రెండు జట్లకూ సమానంగా ఆటగాళ్లున్నప్పుడు) మొదటివాడికి మిగిలినవి 36, రెండోవాడికి 52. మొదటివాడి అసిస్ట్‌లలో సగం రెండో అసిస్ట్‌లైతే (గోల్‌కు ముందటి పాస్ కాక, దానికి ముందరిది) తేడా ఇంకా పెరుగుతుంది. పట్టికలో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు.

☐ ఈవెన్ స్ట్రెంత్ పాయింట్లు విడిగా
☐ గోల్స్, మొదటి అసిస్ట్‌లు కలిపి విడిగా
☐ ఖాళీ నెట్ గోల్స్ తీసేసి
☐ మ్యాచ్‌కు ఎన్ని షాట్లు, షూటింగ్ శాతం (20 దాటితే వచ్చే ఏడాది తగ్గుతుందనే అనుకోండి)
☐ జట్టు మొత్తం గోల్స్‌లో ఇతని వాటా
☐ సీజన్ మొదటి సగం, రెండో సగం
☐ పక్కన స్టార్ లేనప్పుడు ఏం చేశాడు

ఆఖరి అంశానికి మంచి ఉదాహరణ అలెక్స్ డిబ్రింకట్. ఓహెచ్‌ఎల్ జట్టు ఈరీ ఒటర్స్‌లో 2014-15లో 51 గోల్స్ చేశాడు. అదే జట్టులో కానర్ మెక్‌డేవిడ్ ఉన్నాడు కాబట్టి, పక్కవాడి పుణ్యమని చాలామంది కొట్టిపారేశారు. మెక్‌డేవిడ్ ఎడ్మంటన్‌కు వెళ్లిపోయాక 2015-16లోనూ సరిగ్గా 51 గోల్స్. జవాబు అక్కడే ఉంది. అయినా 5 అడుగుల 7 అంగుళాల మనిషని 2016లో 39వ పిక్ దాకా పోనిచ్చారు.

8. ఎత్తు, బరువు, కంబైన్

ఎత్తును గుణంగానో లోపంగానో కాకుండా ఒక ప్రశ్నగా రాసుకోండి. పొట్టివాడైతే: తోపులాటలో పక్ దగ్గర మిగులుతున్నాడా, నెట్ ముందుకు పోతున్నాడా, లేక అంచుల్లోనే తిరుగుతున్నాడా? పొడుగువాడైతే: ఆ శరీరంతోనే గోల్స్ చేస్తున్నాడా, దాన్ని తీసేస్తే ఏమైనా మిగులుతుందా? పదిహేడేళ్లకే పూర్తిగా ఎదిగిన కుర్రాడు జూనియర్‌లో చిన్నపిల్లలను తోసేస్తూ స్కోర్ చేస్తాడు. పైకి వెళ్లాక అందరూ అంతే ఉంటారు.

జూన్ మొదట్లో బఫెలోలో జరిగే స్కౌటింగ్ కంబైన్ (డ్రాఫ్ట్‌కు ముందు శారీరక పరీక్షలు, ఇంటర్వ్యూలు) ఫలితాలను ఒక మూలన రాసుకుంటే చాలు. 2014 కంబైన్‌లో శామ్ బెనెట్ ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడని పెద్ద గొడవ చేశారు. కాల్గరీ అతన్ని నాలుగో పిక్‌గా తీసుకుంది. 2025లో ఫ్లోరిడా జట్టు స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనికే దక్కింది.

జట్లకు కంబైన్‌లో నిజంగా ఉపయోగపడేవి ఇంటర్వ్యూలు. అవి మనకు దొరకవు. మనం చూడగలిగేది బెంచి మీద ప్రవర్తన, లైన్‌లోంచి కిందికి దించినప్పుడు తర్వాతి షిఫ్ట్. పుకార్లు పట్టుకుని ఒక పదిహేడేళ్ల పిల్లాడి గుణం మీద తీర్పులు రాయకండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి సవరణలు

తప్పు: హైలైట్ క్లిప్‌లు చూసి నిర్ణయించడం.
సవరణ: ఒక్క గోల్ కూడా చేయని మ్యాచ్‌ను ఎంచుకుని పూర్తిగా చూడండి.

తప్పు: ఒక్క టోర్నమెంటుతో తేల్చేయడం. ఏప్రిల్‌లో జరిగే అండర్-18 ప్రపంచ పోటీల సమయానికి మంచి కెనడా కుర్రాళ్లు చాలామంది తమ క్లబ్ ప్లేఆఫ్స్‌లో ఉంటారు, అక్కడికి రారు.
సవరణ: టోర్నమెంటును ఒక మ్యాచ్‌గానే లెక్కించండి. అలాగని చెత్తబుట్టలోనూ వేయకండి. 2011లో నికీటా కుచెరోవ్ అదే పోటీల్లో 7 మ్యాచ్‌లలో 21 పాయింట్లు చేసినా 58వ పిక్ దాకా ఆగాడు. అతన్ని దాటవేసిన జట్లకు ఇప్పటికీ అది గుచ్చుతూనే ఉంటుంది.

తప్పు: ర్యాంకింగ్‌లు ముందే చదవడం. ఎన్‌హెచ్‌ఎల్ సెంట్రల్ స్కౌటింగ్ జనవరిలో మధ్యంతర జాబితా, ఏప్రిల్‌లో తుది జాబితా ఇస్తుంది. ఉత్తర అమెరికాలో ఆడేవాళ్లది ఒకటి, బయట ఆడేవాళ్లది ఇంకొకటి. రెండింటినీ కలిపి చదివి గందరగోళపడేవాళ్లూ ఉన్నారు.
సవరణ: మీ నోట్స్ పూర్తయ్యాక, తేడాలు వెతకడానికి మాత్రమే తెరవండి. పెద్ద తేడా ఉన్నచోట ఇంకో మ్యాచ్ చూడండి.

తప్పు: “వీడు రెండో కుచెరోవ్” లాంటి పోలికలు.
సవరణ: పోలిక ఒక్క పనికే పరిమితం చేయండి, ఉదాహరణకు షాట్ విడుదల. మొత్తం మనిషికి వద్దు.

10. నివేదిక ఒక్క పేజీలో

పై పనంతా అయ్యాక ఈ వరసలో రాయండి:

☐ పేరు, పుట్టిన తేదీ, లీగ్, చూసిన మ్యాచ్‌ల తేదీలు
☐ ఈవెన్ స్ట్రెంత్‌లో గోల్స్ ఎలా చేస్తాడు, రెండు వాక్యాల్లో
☐ పై లీగ్‌లో చెల్లే నైపుణ్యం ఒకటి
☐ చెల్లదని మీరనుకునే అలవాటు ఒకటి
☐ సరిదిద్దగల లోపం, ఎన్నేళ్లు పట్టొచ్చు
☐ అన్నీ కలిసొస్తే ఏ లైన్, కలిసిరాకపోతే ఎక్కడ
☐ సెంటర్‌గానే నిలుస్తాడా, వింగ్‌కు మారాల్సి వస్తుందా

ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు వేయడానికి తొందరపడకండి. ముందు గుంపులు చేయండి: మొదటి రెండు లైన్లలో ఆడగలవాళ్లు, కింది లైన్లలో ఉపయోగపడేవాళ్లు, ఒక్క గొప్ప నైపుణ్యంతో జూదం ఆడదగ్గవాళ్లు. ఒక గుంపులోపల పదో పేరుకు, పద్నాలుగో పేరుకు మధ్య మీకు తేడా తెలియకపోతే, ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో జట్లకు కూడా తెలియకపోవడం మామూలే. అలాంటిచోట నేను చిన్న వయసువాడిని పైన పెడతాను.

డ్రాఫ్ట్ రాత్రి పిక్‌లు చూసి మీ పట్టిక మార్చకండి. తేదీ వేసి దాచండి. మూడేళ్ల తర్వాత తెరిచి, గురి తప్పిన ప్రతి పేరు పక్కన ఏ అడుగులో తప్పిందో రాయండి: వయసా, లీగా, స్కేటింగా, లైన్‌మేట్లా. ఒకే అడుగు మళ్లీ మళ్లీ వస్తుంటే వచ్చే సీజన్‌లో మొదటి మ్యాచ్ నుంచి దానికే ఎక్కువ గీతలు కేటాయించండి.